రాశిచక్రం – పుట్టుక, అర్థం, బాధ్యత: ఒక తాత్త్విక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగువారి ఇళ్లలో బిడ్డ పుట్టగానే ఎవరో ఒకరు గడియారం చూసి సమయం రాసిపెట్టుకుంటారు. ఆ సమయాన్ని బట్టి నక్షత్రం, నక్షత్రాన్ని బట్టి పాదం, పాదాన్ని బట్టి రాశి నిర్ణయమవుతాయి. చాలా కుటుంబాల్లో పేరులోని తొలి అక్షరం కూడా అక్కడినుంచే వస్తుంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆ రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అంకెల్లో వినిపిస్తాయి. పెళ్లీడు వచ్చాక అదే రాశి మరో ఇంటివారి ముందు పరిశీలనకు వస్తుంది. 'జాతకాలు కుదరలేదు' అనే మాటతో ఒక్కొక్కసారి ఆ పరిశీలన ముగుస్తుంది.

ఇంతటి అధికారం గల రాశి అంటే ఏమిటి? అది ఎక్కడ పుట్టింది? దాని పుట్టుక తెలిసిన తరువాత దాని అధికారం నిలుస్తుందా? మొదటి రెండు ప్రశ్నలు చరిత్రకు, భాషాశాస్త్రానికి సంబంధించినవి. మూడవది తత్త్వశాస్త్రానికి, నీతికి సంబంధించినది. ఈ మూడవ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. రాశులు మనుషులు కల్పించుకున్న విభాగాలని తేలింది కాబట్టి వాటికి అర్థమే లేదన్నది ఒకటి. రాశులు అనాదిసిద్ధాలు కాబట్టి చరిత్ర వాటిని తాకలేదన్నది మరొకటి. ఈ రెండూ విరుద్ధంగా కనిపించినా, ఒక వస్తువు విలువ దాని పుట్టుకలోనే ఉంటుందన్న నమ్మకం రెండింటికీ సమానమే. ఆ నమ్మకాన్ని పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. రాశి భావనలో కాలక్రమంలో కలిసిపోయిన మూడు పొరలను, అంటే కొలతను, ప్రతిమను, తీర్పును విడదీసి చూస్తే ప్రశ్న స్పష్టమవుతుందని ఇక్కడి ప్రతిపాదన.

1. 'రాశి' శబ్దం

సంస్కృతంలోనూ తెలుగులోనూ 'రాశి' అంటే కుప్ప, ప్రోగు. కళ్లంలో తూర్పారబట్టిన ధాన్యాన్ని రాశి పోయడం రైతుకు నిత్యవ్యవహారం. గణితంలో ఇదే పదం పరిమాణాన్ని తెలుపుతుంది. తెలిసిన మూడు పరిమాణాల నుంచి నాలుగవదాన్ని సాధించే పద్ధతికి త్రైరాశికమని పేరు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన కాలం నుంచి తెలుగు గణిత పరిభాషలో ఈ అర్థం స్థిరంగా ఉంది.

ఆకాశంలోని రాశికీ ఈ రెండర్థాలూ సరిపోతాయి. ఇరవై ఏడు నక్షత్ర విభాగాలకు ఒక్కొక్కదానికి నాలుగు పాదాల చొప్పున మొత్తం 108 పాదాలు. వాటిని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి తొమ్మిది పాదాలు వస్తాయి. అశ్విని నాలుగు, భరణి నాలుగు, కృత్తిక మొదటి పాదం కలిసి మేషం. కృత్తిక మిగిలిన మూడు పాదాలు వృషభానికి చెందుతాయి. కంటికి ఒకే గుత్తిగా కనిపించే కృత్తిక పేరుగల విభాగం రెండు రాశుల మధ్య చీలిపోవడం గమనించదగినది. ఈ విభజన ఆకాశంలో కనిపించే ఆకారాలను అనుసరించింది కాదు, లెక్కను అనుసరించింది. 360 భాగల వలయంలో ముప్ఫై భాగల ప్రోగు రాశి.

గ్రీకు భాషలో దీనికున్న పేరు 'జోడియాకోస్ కుక్లోస్', అంటే చిన్నచిన్న ప్రాణుల బొమ్మలున్న వలయం. గ్రీకు పదం ప్రతిమను ముందుకు తెస్తుంది, సంస్కృత పదం పరిమాణాన్ని ముందుకు తెస్తుంది. ఒకే వస్తువుకు రెండు భాషలు పెట్టుకున్న ఈ రెండు పేర్లలోనే రాశి భావనలోని మొదటి రెండు పొరలు బయటపడుతున్నాయి.

2. బాబిలోనియాలో పుట్టుక

రాశిచక్రం తొలి ఆధారాలు మెసొపొటేమియా మట్టి పలకల మీద ఉన్నాయి. 'ముల్ అపిన్' అనే ఖగోళ సంకలనం ప్రతులు క్రీ.పూ. 7వ శతాబ్ది నుంచి లభిస్తున్నాయి. అందులో చంద్రుని మార్గంలో నిలిచిన నక్షత్ర సమూహాల పట్టిక ఉంది. ఆ సమూహాలు పన్నెండు కావు, పదిహేడో పద్దెనిమిదో. వాటి వెడల్పులూ సమానం కావు. ఆకాశంలో కనిపించేవాటికి పేర్లు పెట్టుకున్న దశ అది.

క్రీ.పూ. 5వ శతాబ్ది చివరి భాగానికి ఈ పద్ధతి మారింది. ముప్ఫై రోజుల చొప్పున పన్నెండు నెలల ఆదర్శ సంవత్సరం అప్పటికే బాబిలోనియా లెక్కల్లో ఉంది. ఆ నమూనాలోనే సూర్యమార్గాన్ని పన్నెండు సమభాగాలు చేశారు. ప్రతి భాగానికి దానికి దగ్గరలో ఉన్న నక్షత్ర సమూహం పేరు పెట్టారు. అంటే రాశిచక్రం మూలంలో సంవత్సరానికి ఆకాశంలో గీసిన పటం. గ్రహం ఏ రోజు ఎక్కడ ఉన్నదో రాసిపెట్టుకోవడానికి, తిరిగి ఎక్కడ ఉండబోతున్నదో లెక్కకట్టడానికి అది ఒక కొలబద్ద.

ఫలం చెప్పడం అంతకుముందే ఉంది గాని దాని స్వభావం వేరు. 'ఎనూమ అను ఎన్లిల్' అనే శకున సంకలనంలో గ్రహణాలు, గ్రహాల ఉదయాస్తమయాలు రాజుకు, రాజ్యానికి, పంటకు సంబంధించిన సూచనలు. ఆ సూచనలు తప్పించుకోలేని విధి కావు. చెడు శకునం కనిపిస్తే దాన్ని తొలగించడానికి 'నంబుర్బి' అనే శాంతి కర్మలుండేవి. ఆకాశం హెచ్చరిస్తుంది, మనిషి ప్రతిక్రియ చేస్తాడు. వ్యక్తి జన్మసమయానికి గ్రహస్థితి రాసిన పలకల్లో ఇప్పటికి తెలిసిన అతి ప్రాచీనమైనవి క్రీ.పూ. 410 నాటివి. దేశానికి సంబంధించిన సూచన అప్పటికి శిశువుకు సంబంధించిన సూచన కూడా అయింది. నైతిక దృష్టితో చూస్తే రాశిచక్ర చరిత్రలో ఇదే అతి పెద్ద మలుపు. రాజ్యానికి వచ్చే ఆపదను రాజు, పురోహితులు, ప్రజలు కలిసి ఎదుర్కొంటారు. శిశువు తలమీద రాసిన సూచనను ఆ శిశువే ఒంటరిగా మోయాలి.

3. యవనుల ద్వారా భారతదేశానికి

వేద వాఙ్మయంలో కాలచక్రం ఉంది. ఋగ్వేదం ప్రథమ మండలంలోని 164వ సూక్తంలో పన్నెండు ఆకుల చక్రం ప్రసక్తి ఉంది. అయితే అది పన్నెండు నెలల సంవత్సరం, మేషాది రాశులు కాదు. వేదాంగ జ్యోతిషం సూర్యచంద్రుల గతిని నక్షత్రాలతోనే లెక్కిస్తుంది, రాశుల ఊసెత్తదు.

రాశులు భారతీయ శాస్త్రంలోకి గ్రీకు జ్యోతిష గ్రంథాల ద్వారా ప్రవేశించాయనడానికి ప్రధాన సాక్ష్యం పరిభాషలోనే ఉంది. వరాహమిహిరుడు బృహజ్జాతకం మొదటి అధ్యాయంలో మేషం మొదలు వృశ్చికం వరకు ఉన్న రాశులకు క్రియ, తావురి, జితుమ, కుళీర, లేయ, పాథోన, జూక, కౌర్ప్య అనే పేర్లు చెబుతాడు. వీటిలో అత్యధికం గ్రీకు పేర్లకు సంస్కృత రూపాలు. మేషానికి గ్రీకులో 'క్రియోస్', వృషభానికి 'టౌరోస్', మిథునానికి 'డిడుమోయ్', సింహానికి 'లెయోన్'. హోర, ద్రేక్కాణం, పణఫరం, ఆపోక్లిమం, జామిత్రం కూడా అలా వచ్చినవే. స్ఫుజిధ్వజుని 'యవనజాతకం' పేరులోనే ఈ సంబంధం కనిపిస్తుంది. ఆ గ్రంథాన్ని 1978లో ప్రకటించిన డేవిడ్ పింగ్రీ దాని కాలాన్ని క్రీ.శ. 3వ శతాబ్దిగా నిర్ణయించాడు. తరువాతి పరిశోధకులు ఆ కాలనిర్ణయాన్ని ప్రశ్నించినా గ్రంథంలోని గ్రీకు సంప్రదాయాన్ని కాదనలేదు.

ప్రతిమల ప్రయాణం మరింత ఆసక్తికరం. బాబిలోనియాలో మకర స్థానంలో ఉన్నది మేక తల, చేప ఒడలు గల ప్రాణి. వరాహమిహిరుడు మకరాన్ని మృగముఖం గలదిగా వర్ణించడంలో ఆ జోడింపు జాడ మిగిలి ఉంది. బాబిలోనియాలో కన్య స్థానానికి నాగటి చాలు పేరు, ధాన్యపు కంకి గుర్తు. వరాహమిహిరుని కన్య పైరును, నిప్పును పట్టుకుని పడవలో ఉంటుంది. యూఫ్రటీస్ తీరపు కంకి అనేక భాషలు దాటి అవంతిలో కన్య చేతికి వచ్చింది. కొన్ని ప్రతిమలు మాత్రం దారిలోనే మారాయి. బాబిలోనియాలో మొదటి రాశి కూలిమనిషి. గ్రీకుల వద్ద అది పొట్టేలు అయింది, భారతదేశానికి పొట్టేలుగానే వచ్చింది. మేషరాశివారి స్వభావాన్ని పొట్టేలు స్వభావంతో పోల్చే వివరణలు ఈ మార్పు దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంటుంది. స్వభావం ఆకాశంలోని ఆ భాగానిదే అయితే అది కూలిమనిషి బొమ్మకూ, పొట్టేలు బొమ్మకూ ఒక్కలాగే వర్తించాలి. బొమ్మ మారితే స్వభావమూ మారుతున్నదంటే ఆ స్వభావం బొమ్మది, ఆకాశానిది కాదు.

అయితే పరాయి మూలం కారణంగా రాశిచక్రాన్ని తక్కువ చేయడం కూడా సరికాదు. జ్యోతిషం బాగా తెలిసిన యవనులు మ్లేచ్ఛులే అయినా ఋషులవలె పూజ్యులని చెప్పే ప్రాచీన వచనాన్ని వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆదరంతో స్వీకరించాడు. విద్యకు పుట్టినచోటు ప్రమాణం కాదని ఆయన ఎరుగును. నేడు తెలుగువారు 'కేంద్ర ప్రభుత్వం' అంటున్నప్పుడు వాడే 'కేంద్రం' కూడా గ్రీకు 'కెంట్రోన్' నుంచి జ్యోతిష పరిభాష ద్వారా వచ్చినదే. ఆ మాట పుట్టుక తెలిసినంత మాత్రాన దాని అర్థం చెడదు. పుట్టుక పవిత్రమైనంత మాత్రాన ఒక మాట నిజమూ కాదు.

4. తెలుగువారి కాలగణనలో కొలత

తెలుగువారిది చాంద్రమాన సంవత్సరం. కాబట్టి రాశులతో దానికి పని లేదని అనిపించవచ్చు. నిజానికి రాశి లేకపోతే తెలుగు పంచాంగం నిలవదు. పన్నెండు చాంద్రమాసాలు సౌర సంవత్సరం కంటె సుమారు పదకొండు రోజులు తక్కువ. ఈ తేడాను సరిచేయడానికి అధికమాసం వస్తుంది. సూర్యుడు కొత్త రాశిలో ప్రవేశించని చాంద్రమాసమే అధికమాసం. 2023లో వచ్చిన అధిక శ్రావణం ఇందుకు ఉదాహరణ. ఆ మాసానికి ముందే కర్కాటక సంక్రమణం జరిగింది, మాసం ముగిశాక సింహ సంక్రమణం జరిగింది. నడుమ నెలలో సంక్రమణం లేదు.

పుష్కరాలు కూడా ఇలాంటివే. బృహస్పతి సింహంలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు, మకరంలో ప్రవేశిస్తే తుంగభద్రకు పుష్కరాలు. బృహస్పతి రాశిచక్రాన్ని చుట్టిరావడానికి పన్నెండేళ్లకు కొంచెం తక్కువ పడుతుంది. కనుకనే 2003లో గోదావరికి వచ్చిన పుష్కరం 2015లో మళ్లీ వచ్చింది. తెలుగు శాసనాలలో దాతలు ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తంగా భూములు ధారపోసిన సందర్భాలు అనేకం. ఆ శాసనాల్లో రాశి ఒక తేదీ, ఒక సాక్ష్యం. చేసిన మాటను కాలంలో బిగించి ఉంచే మేకు.

ఇక్కడ రాశి సమాజం ఉమ్మడిగా అంగీకరించిన కొలత. బారువు, కుంచం, గజం వంటిది. ఒక కొలత సత్యమా అసత్యమా అని అడగడం పొసగదు. అది అందరికీ ఒక్కటేనా, దానితో లెక్క కుదురుతున్నదా అని మాత్రమే అడగాలి. కొలతగా రాశి ఎవరినీ నిందించదు. ఎవరినీ ఎక్కువ తక్కువలు చేయదు. సింహంలో బృహస్పతి ఉన్న ఏడు గోదావరిలో మునిగినవారందరికీ అదే గోదావరి.

5. కదిలే ఆకాశం, నిలిచిన మాట

కొలత సైతం కాలానికి లోబడినదే. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల విషువ బిందువులు నక్షత్రాల మధ్య ఏటా సుమారు 50 వికలలు, అంటే సుమారు 72 ఏళ్లకు ఒక భాగ చొప్పున వెనక్కు జరుగుతాయి. దీన్ని క్రీ.పూ. 2వ శతాబ్దిలో గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ గుర్తించాడు. భారతీయ పరిభాషలో ఇది అయనచలనం. భాగవతం పంచమస్కంధం సూర్యుడు మేష తులా రాశుల్లో ఉన్నప్పుడు పగలు రాత్రి సమానమంటుంది. తెలుగులో ఆ స్కంధాన్ని రచించినవాడు గంగన. నేటి పంచాంగం ప్రకారం మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. పగలు రాత్రి సమానమయ్యేది మార్చి 20 లేదా 21న. మకర సంక్రాంతి జనవరి 14 లేదా 15న వస్తున్నా సూర్యుడు ఉత్తరంగా మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. గ్రంథం చెప్పిన రాశికి, ఋతువుకు మధ్య మూడు వారాలకు పైగా ఎడం ఏర్పడింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ సమస్యను పరిశీలించింది. 1957 మార్చి 22న అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగం విషువ దినం మరునాటినుంచి సంవత్సరాన్ని మొదలుపెట్టింది.

పాశ్చాత్య సాయన పద్ధతి ఋతువును పట్టుకుని నక్షత్రాన్ని వదిలింది. భారతీయ నిరయణ పద్ధతి నక్షత్రాన్ని పట్టుకుని ఋతువును వదిలింది. రెండింటికీ నడుమ ఇప్పుడు సుమారు 24 భాగల తేడా ఉంది. కనుక ఒకే క్షణంలో పుట్టిన శిశువు చాలా సందర్భాల్లో ఒక పద్ధతిలో ఒక రాశికీ, మరో పద్ధతిలో వేరొక రాశికీ చెందుతుంది. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1930లో స్థిరపరచిన నక్షత్రమండలాల హద్దుల ప్రకారం సూర్యుడు పన్నెండు కాదు, పదమూడు మండలాల గుండా సాగుతాడు. కన్య మండలంలో సుమారు 45 రోజులు, వృశ్చిక మండలంలో ఒక వారం మాత్రమే ఉంటాడు. సమభాగాలు మనిషి లెక్కకోసం చేసుకున్నవన్న సంగతి దీనివల్ల మరింత స్పష్టమవుతుంది.

ఈ సమస్యను వరాహమిహిరుడు తనదైన రీతిలో ఎదుర్కొన్నాడు. పూర్వశాస్త్రాల్లో అయనారంభం ఆశ్లేష మధ్యనుంచీ, ధనిష్ఠ మొదటినుంచీ అని ఉంది. తన కాలంలో అది కర్కాటక, మకరాల మొదట జరుగుతోంది. పూర్వులు అబద్ధమాడారని ఆయన అనలేదు. పూర్వులు చెప్పారు కాబట్టి ఇప్పటికీ అంతే అని కూడా అనలేదు. ఒకప్పుడు అలా ఉండి ఉంటుందని ఒప్పుకుని, ఇప్పటి తేడాను ప్రత్యక్ష పరీక్షతో తెలుసుకోవాలన్నాడు. సంప్రదాయం మీద గౌరవాన్ని, కంటికి కనిపించే సత్యం మీద నిష్ఠను ఒకేచోట నిలిపిన వైఖరి ఇది. ప్రత్యక్ష పరీక్షను కాదనేవారు వరాహమిహిరుని మార్గంలో ఉన్నామని చెప్పుకోవడం కష్టం.

6. తీర్పుగా మారిన రాశి

మూడవ పొర తీర్పు. ఈ రాశిలో పుట్టినవారు ఇలాంటివారు, వీరికి ఇలా జరుగుతుంది అని చెప్పడం. దీన్ని ప్రశ్నించడం ఆధునికులతో మొదలు కాలేదు. బౌద్ధ జాతకాల్లోని నక్ఖత్త జాతకంలో నక్షత్రం బాగాలేదని పెళ్లి వాయిదా వేసినవారు మరునాటికి వధువునే కోల్పోతారు. నక్షత్రాలను అతిగా అడిగే అవివేకిని అర్థం దాటిపోతుందని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో హెచ్చరించాడు. ఒకే సమయంలో పుట్టిన కవలల బతుకులు వేరువేరుగా ఎందుకుంటాయని 5వ శతాబ్దిలో అగస్టీన్ అడిగాడు. కవలల ప్రశ్నకు జ్యోతిషం ఇచ్చే సమాధానం మరింత సూక్ష్మ విభజన. రాశి చాలకపోతే నవాంశ, అదీ చాలకపోతే షష్ట్యంశ. అయితే విభజన సూక్ష్మమయ్యేకొద్దీ జన్మసమయం మరింత కచ్చితంగా తెలియాలి. ఏది జన్మసమయమన్న ప్రశ్నా తలెత్తుతుంది. శిరోదయమా, భూపతనమా, తొలి ఏడుపా?

మరోవైపు పత్రికల్లో వచ్చే రాశిఫలాలు ఈ సూక్ష్మతను పూర్తిగా వదిలేస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 8.11 కోట్లు. పన్నెండుతో భాగిస్తే సగటున ఒక్కో రాశికి 67 లక్షలకు పైగా. అంతమందికి ఒకే వారంలో ఒకే ధనలాభం చెప్పడాన్ని శాస్త్రజ్ఞులైన జ్యోతిష్కులే ఒప్పుకోరు.

సంకేతాన్ని ఫలంగా మార్చే ఈ ధోరణి సాహిత్యశాస్త్రంలోనూ కనిపిస్తుంది. తెలుగు లాక్షణికులు గణాలకు అధిదేవతలను, గ్రహాలను, నక్షత్రాలను కేటాయించారు. కృత్యాదిలో ఏ గణం వేస్తే కర్తకు, కృతిపతికి ఏ ఫలం కలుగుతుందో చెప్పారు. గురువు, లఘువు ఉచ్చారణ కాలానికి కొలతలు. ఆ కొలతల కూర్పు గణం. ఆ గణానికి దేవతను జోడించడం ప్రతిమ. దానివల్ల కృతిపతికి మేలో కీడో కలుగుతుందనడం తీర్పు. రాశిచక్రంలో వేల సంవత్సరాలు పట్టిన మార్పు గణవ్యవస్థలో చిన్న పరిమాణంలో కనిపిస్తుంది. గణదోషం వల్ల కావ్యం చెడిందో లేదో కావ్యం చదివి తేల్చుకోవాలి. అది నేటి విమర్శకులందరూ అంగీకరించే మాటే. మనిషి విషయంలో మాత్రం ఆ నియమాన్ని పాటించడానికి సంకోచం కనిపిస్తుంది.

7. దీపం ఉపమానం – బాధ్యత ఎవరిది?

తీర్పును సమర్థించేవారి వాదాల్లో బలమైనది వరాహమిహిరునిదే. గతజన్మలో కూడబెట్టిన శుభాశుభ కర్మల పరిపాకాన్ని ఈ శాస్త్రం చీకట్లో వస్తువులను దీపం చూపినట్లు చూపుతుందని లఘుజాతకంలో ఆయన అన్నాడు. దీపం వస్తువును పుట్టించదు. గ్రహం ఫలాన్ని కలిగించదు, సూచిస్తుంది. ఫలానికి కారణం ఎవరి కర్మ వారిదే. ఈ వాదాన్ని యథాతథంగా అంగీకరించి, అది వ్యవహారంలో ఎక్కడికి తీసుకుపోతుందో చూడవచ్చు.

పెళ్లి సంబంధాల్లో మూల నక్షత్రంలో పుట్టిన అమ్మాయి మామగారికి, ఆశ్లేషలో పుట్టిన అమ్మాయి అత్తగారికి, జ్యేష్ఠలో పుట్టిన అమ్మాయి బావగారికి కీడని చెప్పే వాడుక ఉంది. దీన్ని దీపం ఉపమానంతో పరీక్షిస్తే రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, మామగారి ఆయుర్దాయం ఆయన కర్మఫలం. కోడలి జన్మనక్షత్రం దానికి కారణమైతే ఒకరి కర్మఫలాన్ని మరొకరు అనుభవించినట్లవుతుంది. కర్మసిద్ధాంతం దానికి ఒప్పుకోదు. రెండవది, ఆమె నక్షత్రం కారణం కాదు, ఆయన కర్మకు సూచన మాత్రమే అంటే అప్పుడు ఆమె దీపం. దీపాన్ని గుమ్మం బయటే ఆపేస్తే గదిలోని వస్తువు మాయం కాదు. సంబంధం వద్దనుకున్నంత మాత్రాన ఆయన కర్మ తొలగిపోదు. కాబట్టి ఆ అమ్మాయిని నిరాకరించడం నిందగా అన్యాయం, ఉపాయంగా నిష్ఫలం. ఈ రెండు నిర్ణయాలకూ సంప్రదాయం బయటినుంచి ఏ ఆధారాన్నీ తేనక్కరలేదు. సంప్రదాయం తన గురించి తాను చెప్పుకున్న మాటలే చాలు.

ఇంతటి లోపం ఉన్నా ఈ వాడుక నిలిచి ఉండడానికి కారణం అజ్ఞానమే అనుకోవడం తొందరపాటు. 'జాతకాలు కుదరలేదు' అనే మాటకు సంఘంలో ఒక ఉపయోగం ఉంది. కట్నం చాలలేదనో, రంగు నచ్చలేదనో, కుటుంబం తమకు సరితూగదనో నేరుగా చెప్పడం కష్టం. వినడం మరింత కష్టం. రాశి ఆ కష్టాన్ని తన మీద వేసుకుంటుంది. నిరాకరించినవారు నిరాకరించలేదు, గ్రహాలు నిరాకరించాయి. ఇద్దరి మర్యాద నిలుస్తుంది. ఈ సౌలభ్యాన్ని తక్కువగా చూడనక్కరలేదు. మనుషులు ఒకరినొకరు గాయపరచకుండా ఉండేందుకు కల్పించుకున్న మర్యాదల్లో అదీ ఒకటి.

కాని ఆ మర్యాదకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న. నిర్ణయం తీసుకున్నవారి నుంచి బాధ్యత ఆకాశానికి చేరుతుంది. ఆకాశం జవాబు చెప్పదు. ఆ మాట రెండు మూడుసార్లు వినిపించాక అమ్మాయి జాతకంలోనే ఏదో ఉందన్న పేరు ఊళ్లో మిగులుతుంది. కట్నం అడిగినవారిని ప్రశ్నించవచ్చు, నచ్చలేదన్నవారిని మరిచిపోవచ్చు. పుట్టిన గడియతో మాత్రం ఎవరూ వాదించలేరు. తాను చేయని పనికి, తాను ఎంచుకోని క్షణానికి ఒక మనిషిని జవాబుదారీ చేయడం దీని సారాంశం. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే ఇతర పద్ధతులను తెలుగు సమాజం శతాబ్దానికి పైగా ప్రశ్నిస్తూ వచ్చింది. జన్మరాశిని బట్టి కట్టే విలువ కూడా అదే ప్రశ్నకు లోబడవలసినదే.

ఆకాశంలోని గుర్తును మరోలా చదివిన ఉదాహరణ ఆధునిక తెలుగు కవిత్వంలోనే ఉంది. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు లోకం దాన్ని అరిష్టంగా భావించి భయపడింది. అదే ఏడు వెలువడిన 'ముత్యాలసరాలు'లో గురజాడ ఆ తోకచుక్కను భూమిని చూడవచ్చిన చుట్టంగా, సంఘసంస్కరణకు పతాకగా భావించాడు. ఆయన చేసింది కూడా కల్పనే. తోకచుక్కకు సంస్కరణతో సంబంధం లేదు. అయితే ఆ కల్పన ఎవరి మీదా నేరం మోపలేదు. వినేవారిని ఒక పనికి పిలిచింది. ప్రతిమకు తగిన పని ఇదే. అది భావాన్ని మేల్కొల్పుతుంది, కర్తవ్యాన్ని మనిషికే విడిచిపెడుతుంది.

ముగింపు

రాశిచక్రం బాబిలోనియాలో సంవత్సరాన్ని కొలవడానికి పుట్టింది. గ్రీకుల ద్వారా బొమ్మలతో, ఫలాలతో భారతదేశానికి వచ్చింది. ఇక్కడి నక్షత్రమానంతో కలిసి పాదాల ప్రోగుగా స్థిరపడింది. ఈ చరిత్ర రాశిని రద్దు చేయదు. అధికమాసానికి, సంక్రాంతికి, పుష్కరానికి అది ఇంకా కావాలి. మేషం నుంచి మీనం వరకు ఉన్న ప్రతిమలు శిల్పానికి, కవిత్వానికి చెందిన ఉమ్మడి ఆస్తి. వాటినీ వదులుకోనక్కరలేదు. చరిత్ర చేసే పని మరొకటి. కొలతకున్న గౌరవాన్ని, ప్రతిమకున్న అందాన్ని అరువు తెచ్చుకుని తీర్పు అధికారం చెలాయించకుండా అది అడ్డుకుంటుంది. తీర్పు తనను తాను విడిగా నిరూపించుకోవాలి. వరాహమిహిరుడు అయనం విషయంలో కోరిన ప్రత్యక్ష పరీక్షనే ఇక్కడా ఎదుర్కోవాలి.

ఒక సంబంధాన్ని ఒప్పుకునే, వద్దనుకునే హక్కు ప్రతి కుటుంబానికీ, అంతకుమించి ఆ ఇద్దరికీ ఉంది. ఆ హక్కుతోపాటు నిర్ణయం తమదేనని చెప్పుకోవలసిన బాధ్యత కూడా ఉంది. పుట్టిన సమయాన్ని తల్లిదండ్రులు ప్రేమతోనే రాసిపెట్టుకుంటారు. ఆ కాగితం పాతికేళ్ల తరువాత తమ బిడ్డ మీదే సాక్ష్యంగా నిలవాలని ఏ తల్లీ తండ్రీ కోరుకోరు.